వేటకత్తి అట్టముక్కతో మొదలవుతుంది

వేట ముగిశాకే వేటకత్తికి పని మొదలవుతుంది. పొట్ట చీల్చి పేగులు తీయాలి, తోలు ఒలవాలి, కీళ్ల దగ్గర విడదీయాలి. అప్పటికి చేతులు జిడ్డుగా ఉంటాయి, వెలుతురు తగ్గిపోతూ ఉంటుంది. ఇదేమీ ఆలోచించకుండా నేను చేసిన మొదటి కత్తి అలుగు పొడవు 18 సెంటీమీటర్లు, మందం 6 మిల్లీమీటర్లు. చూడటానికి గంభీరంగా ఉండేది. చేయించుకున్న మిత్రుడు రెండు వేటల తర్వాత దాన్ని తిరిగి తెచ్చి, ‘మణికట్టు లాగేస్తోంది. ఇది కోయడం లేదు, చీలుస్తోంది’ అన్నాడు. అప్పటి నుంచి ఎవరికి కత్తి చేసినా ఉక్కు ముట్టుకునే ముందు మూడు సంగతులు అడుగుతాను. ఏ జంతువు కోసం? ఏ చేతితో పట్టుకుంటారు? చేతికి గ్లౌజు ఉంటుందా?

తర్వాత అరచేతి వెడల్పు కొలుస్తాను. నాలుగు వేళ్లు కలిపి 9 సెంటీమీటర్లు ఉంటే పిడి 11 సెంటీమీటర్లు ఉండాలి. జింకంత జంతువుకు 9 నుంచి 10 సెంటీమీటర్ల అలుగు చాలు. మందం 3 మిల్లీమీటర్లు, మరీ అడిగితే 4. వెడల్పు 3 సెంటీమీటర్లకు మించనివ్వను. ఆకృతి విషయంలో నాది ఒకటే ఇష్టం. వీపు గీత మెల్లగా కిందికి వాలి, మొన కాస్త దిగువన ఉండాలి. పొట్ట చీల్చేటప్పుడు మొన పైకి లేచి ఉంటే పేగును పొడుస్తుంది, పేగు తెగితే మాంసం పాడవుతుంది. ఈ వాలుమొన ఆకృతికి విస్తృత ప్రచారం తెచ్చినవారు అమెరికన్ కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ (1929–2010). నా రెండో కత్తికి నేను అనుసరించింది ఆ ఆకృతినే.

ఈ కొలతలతో కత్తి బొమ్మ గీసి, దాన్ని మందపాటి అట్ట మీద అతికించి కత్తిరించండి. తర్వాత అదే కొలతతో చెక్కముక్క చెక్కి, పిడి చోట మెత్తని బంకమట్టి అద్ది, ఎవరికోసం చేస్తున్నారో వాళ్ల చేత గట్టిగా పట్టించండి. వేళ్ల అచ్చు పడుతుంది. పిడి ఎక్కడ ఉబ్బాలో, చూపుడువేలికి గుంట ఎంత లోతు కావాలో ఆ మట్టే చెబుతుంది. చాలామంది ఈ పని వదిలేస్తారు. నేను మాత్రం ఒక సాయంత్రం మొత్తం దీనికే ఇస్తాను.

ఉక్కుకు వస్తే, మొదటిసారి చేసేవాళ్లకు 1084 రకాన్ని మించింది లేదు. ఇందులో కార్బన్ 0.8 శాతానికి కాస్త పైన ఉంటుంది, కొలిమిలోనే నీరు పెట్టుకోవచ్చు, అంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచవచ్చు. స్టెయిన్‌లెస్ రకాలకు వెయ్యి డిగ్రీలు దాటిన వేడి, ఆ వేడిని కదలకుండా నిలబెట్టే విద్యుత్ కొలిమి కావాలి. పాత స్ప్రింగు పట్టీలు వాడమని చెప్పేవాళ్లు ఉంటారు. అందులో ఏ లోహం ఎంత ఉందో, లోపల ఏ పగులు దాగి ఉందో తెలియదు. ఇరవై గంటల పనిని ఆ అనుమానం మీద నిలబెట్టడం నాకు నచ్చదు.

అట్ట అంచు వెంట గీత గీసి, ఇనుప రంపంతో కోసి, మిగిలిందంతా ఆకురాయితో సరిచేయండి. గ్రైండర్ ఉంటే త్వరగా అవుతుంది, తప్పు కూడా అంతే త్వరగా జరుగుతుంది. పిడిలోకి వెళ్లే ఉక్కు భాగాన్ని నేను తోక అంటాను. వేటకత్తికి పిడి చివరిదాకా, పిడి వెడల్పుతో సాగే నిండు తోకే మంచిది. పిడి పలకలను తోకకు బిగించే పిన్నుల రంధ్రాలు ఇప్పుడే వేయాలి. నీరు పెట్టాక డ్రిల్లు దిగదు. జిగురు పట్టడానికి, బరువు తగ్గడానికి మరో నాలుగైదు రంధ్రాలు వేసుకోండి. డ్రిల్లు దగ్గర చేతికి గ్లౌజు ఉండకూడదు, అది తిరిగే బిట్టుకు చుట్టుకుంటుంది. కళ్లద్దాలు, ధూళిని ఆపే మాస్కు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఉండాలి.

వాదర అంచుకు మార్కర్‌తో రంగు పూసి, ఉక్కు మందం ఎంతో అంత డ్రిల్లు బిట్టు తీసుకుని, రెండింటినీ బల్ల మీద పడుకోబెట్టి దాని మొనతో అంచు పొడవునా గీయండి. తిప్పి రెండోవైపు నుంచి కూడా గీయండి. సరిగ్గా నడిమి గీత వస్తుంది. ఆ గీత దాకా రెండువైపులా ఏటవాలుగా అరగదీయాలి. పదేసి దెబ్బలకు ఒకసారి వైపు మార్చండి. ఒకవైపే ఎక్కువ అరిగితే నీరు పెట్టేటప్పుడు అలుగు వంకరపోతుంది. నా మూడో కత్తి అలాగే పోయింది. వాదరను ఇప్పుడే పలుచన చేయకూడదు, 0.7 మిల్లీమీటర్ల మందం మిగలాలి. లేకపోతే నూనెలో ముంచగానే అంచు అలలుగా ముడుచుకుంటుంది, పగిలినా పగులుతుంది. అడ్డగీతలన్నీ గరుకు కాగితంతో పోగొట్టండి. లోతైన గీత ఉన్నచోటే పగులు పుడుతుంది.

ఇక నీరు పెట్టడం. దీనికి నేను పొద్దు వాలాక కూర్చుంటాను, ఉక్కు రంగు మసక వెలుతురులోనే నిజం చెబుతుంది. ముందు అలుగును ఎర్రగా కాల్చి, గాలిలో నల్లబడేదాకా వదిలి, మళ్లీ కాలుస్తాను. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ వేడి కొంచెం తగ్గిస్తూ. కోతల్లో, అరుగుదలలో పుట్టిన ఒత్తిడి పోతుంది, ఉక్కు లోపలి రేణువులు సన్నబడతాయి. చాలామంది అయస్కాంతం అంటుకోవడం మానేయగానే ముంచేస్తారు. ఉక్కు అయస్కాంత గుణం కోల్పోయేది సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 1084కు కావాల్సింది దాదాపు 815. అంటే ఇంకొక ఛాయ పైకి వెళ్లాలి. అయస్కాంతం కన్నా నేను నమ్మేది నీడలను. వేడెక్కుతున్న అలుగును కదపకుండా చూస్తే, ఒక దశలో దాని మీద నల్లటి నీడలు పాకుతూ కనిపిస్తాయి. ఉక్కు లోపలి అమరిక మారుతూ వేడిని మింగుతున్న గుర్తు అది. పలుచని మొన దగ్గర ముందు పోయి, మందపాటి వీపు దగ్గర చివరన పోతాయి. నీడలన్నీ తొలగి అలుగంతా ఒకే నారింజ రంగులో నిలిచాక, మనసులో ఇరవై లెక్కపెట్టి బయటికి తీస్తాను. మొదటిసారి ఆ నీడలు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నూనె ముందే సిద్ధంగా ఉండాలి. కనోలా నూనె ఐదారు లీటర్లు, లోతైన ఇనుప డబ్బాలో, పక్కనే మూత. దాన్ని 50 డిగ్రీలకు వేడిచేసి ఉంచాలి, గోరువెచ్చని నూనె పలచబడి చల్లని నూనె కన్నా త్వరగా వేడిని లాగుతుంది. నీళ్లు వాడకండి, అలుగు పగిలే ప్రమాదం ఎక్కువ. వాడేసిన ఇంజిన్ నూనె పొగ ఊపిరితిత్తులకు చెరుపు. మొన కిందికి ఉండేలా నేరుగా దించి, పైకీ కిందికీ మాత్రమే కదపండి, పక్కలకు కదిపితే వంకరపోతుంది. మంట లేస్తే మూత వేయండి. పది సెకన్లలో బయటికి తీసి చూడండి. వంకర కనిపిస్తే మందపాటి తోలు గ్లౌజులతో అప్పటికప్పుడు సరిచేయొచ్చు. ఒక నిమిషం దాకా ఉక్కు మాట వింటుంది, ఆ తర్వాత విరుగుతుంది. చల్లారాక ఆకురాయితో గీయండి. గాజు మీద జారినట్టు జారిపోతే నీరు పట్టింది.

ఆ క్షణాన అలుగు గాజంత పెళుసు. కింద పడితే ముక్కలవుతుంది. ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్లీ రెండు గంటలు ఉంచండి. ఓవెన్ మీది అంకెను నమ్మకండి, లోపల వేరే థర్మామీటరు పెట్టండి. మెరుగుపెట్టిన చోట లేత ఎండుగడ్డి రంగు రావాలి. నీలిరంగు వచ్చిందంటే మెత్తబడిపోయింది, మళ్లీ కాల్చి మొదటి నుంచి నీరు పెట్టాలి.

తర్వాతి అరుగుదలంతా నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని చేయాలి. ఒట్టి చేతితో పట్టుకోలేనంత వేడెక్కితే ఆపి ముంచండి. వాదర 0.3 మిల్లీమీటర్లకు వచ్చాక గరుకు కాగితం 120, 220, 400 నంబర్ల వరుసలో ఒక చదునైన చెక్కకు చుట్టి రుద్దండి. 400 దాటి అద్దంలా మెరిపించడం వేటకత్తికి అనవసరం.

పిడికి ఎండిన గట్టి చెక్క, కొమ్ము, మికార్టా (గుడ్డ పొరలను రెసిన్‌తో గట్టిపరచిన పలక) ఏదైనా పనికొస్తుంది. తడిచేతికి నాకు నచ్చేది మికార్టా, దాని ధూళి మాత్రం పీల్చకూడదు. తోకకు రెండువైపులా వచ్చే పిడి పలకల ముందు అంచులను అతికించక ముందే నునుపు చేయండి, తర్వాత అక్కడికి చేయి వెళితే అలుగు గీరుకుంటుంది. తోకను, పలకల లోపలి ముఖాన్ని గరుకుగా గీరి, అసిటోన్‌తో తుడిచి, నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పూయండి. బిగింపులు మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చి కీలు ఎండిపోతుంది. ఒక రోజు ఆగండి. ఆ తర్వాత మట్టి అచ్చు ఎదురుగా పెట్టుకుని ఆకురాయితో చెక్కుతూ, అప్పుడప్పుడు కళ్లు మూసుకుని పట్టుకోండి. ఎక్కడ ఒత్తుతోందో వేళ్లకు తెలిసిపోతుంది. పిడి అడ్డుకోత గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉంటే వాదర ఎటు ఉందో చీకట్లో కూడా చేతికి తెలుస్తుంది.

చివరన ఒక్కోవైపు 20 డిగ్రీల కోణంలో సానపట్టండి. పరీక్షకు 6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ మీద వాదరను వాల్చి నొక్కుతూ లాగండి. అంచు వంగి తిరిగి నిలబడితే సరైన నీరు. పెచ్చు ఊడితే పెళుసు, ఇంకో పది డిగ్రీలు పెంచి మళ్లీ ఓవెన్‌లో పెట్టవచ్చు, అయితే పిడి బిగించాక అది కుదరదు. అందుకే నేను పలకలు అతికించే ముందే ఒకసారి సానపట్టి ఈ పరీక్ష చేసి, అంచును మళ్లీ మొద్దు చేసి, టేపు చుట్టి పిడి పనిలోకి దిగుతాను.

ఒరకు వృక్షసారంతో పదునుచేసిన తోలు, మందం 3 మిల్లీమీటర్లు. క్రోమియం లవణాలతో పదునుచేసిన తోలు ఉక్కును తుప్పు పట్టిస్తుంది. కుట్టు వైపు లోపల మరో తోలు పట్టీ పెడితే వాదర దారాన్ని కోయదు. ఇంట్లో ఉన్నప్పుడు కత్తి ఒర బయటే ఉండాలి, పలుచగా నూనె రాసి. కత్తిని వెంట తీసుకెళ్లే నియమాలు చోటును బట్టి మారుతాయి, తీసుకునేవారు ముందే తెలుసుకోవాలి.

కత్తి ఇచ్చేటప్పుడు ఏడాదికి ఒకసారి సానకు తెమ్మని చెబుతాను. తెచ్చినప్పుడు వాదర కన్నా ముందు పిడి చూస్తాను. ఎక్కడ నునుపెక్కిందో, ఎక్కడ రంగు మారిందో ఆ అట్టముక్క మీదే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాను.