డబ్బుల్లేని షూట్‌కి సరే అనే ముందు

దసరా దగ్గర పడిందంటే విశాఖలో ఫొటోగ్రాఫర్ల ఇన్‌బాక్స్‌లు నిండిపోతాయి. "అన్నా, కొలాబ్ చేద్దామా?" అని మోడల్ నుంచి మెసేజ్. "కొత్త స్టాక్ వచ్చింది, షూట్ చేసిపెడితే ఒక లెహెంగా మీ మోడల్‌నే ఉంచేసుకోమనండి" అని ఎంవీపీ కాలనీ బొతిక్ నుంచి ఫోన్. మేకప్ ఆర్టిస్టుకి బ్రైడల్ లుక్ ఫొటోలు కావాలి, మోడల్‌కి పోర్ట్‌ఫోలియో కావాలి, ఫొటోగ్రాఫర్‌కి పెళ్లిళ్ల సీజన్ ముందు పేజీలో కొత్త పని కనబడాలి. ఎవరి చేతిలోనూ డబ్బు ఆడదు, అందరి చేతిలోనూ పనితనం ఉంది. సంక్రాంతి దాకా ఇదే వరస.

ఇందులో తప్పేమీ లేదు. టీఎఫ్‌పీ (డబ్బుకి బదులు ఫొటోలే ప్రతిఫలంగా తీసుకునే షూట్) అనండి, కొలాబ్ అనండి, చాలామంది ఈ దారిలోనే పని నేర్చుకుంటారు. గొడవలు వచ్చేది ఎక్కడంటే, డబ్బు లేదు కదా అని ఎవరూ లెక్క కట్టరు. పైగా అన్నా, అక్కా అని పిలుచుకున్నాక అడగాలంటే మొహమాటం. పాత పట్టుచీరలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ జరీ చూడనిదే గిన్నె బయటికి తీయదు. మనం మాత్రం ఏమిస్తున్నామో, ఏం వస్తుందో తేల్చుకోకుండానే కెమెరా భుజాన వేసుకుని బీచ్‌కి బయల్దేరతాం.

అందుకే మొదటి జాగ్రత్త: రూపాయి చేతులు మారకపోయినా, ఎవరి పని ఎంతో రూపాయల్లో రాసుకోండి. ఒక పూట షూట్, 15 ఫొటోల ఎడిటింగ్ కలిపి ఫొటోగ్రాఫర్ మామూలుగా 6,000 తీసుకుంటాడనుకుందాం. మోడల్ ఆ పూటకి 3,000 తీసుకుంటుందనుకుందాం. మిగతా 3,000 ఏమైనట్టు? ఎడిటింగ్ ఎనిమిది ఫొటోలకు తగ్గించుకోవచ్చు, మోడల్ ఇంకో పూట రావచ్చు, తేడా డబ్బుగా ఇచ్చేయొచ్చు. వదిలేసుకున్నా ఫర్వాలేదు, తెలిసి వదిలేసుకోవాలి. తెలియకుండా వదిలేసుకున్నదే రెండు నెలల తర్వాత దెప్పిపొడుపుగా బయటికొస్తుంది.

రెండోది, కష్టాన్ని మార్చుకోండి గానీ ఖర్చుని మార్చుకోవద్దు. గాజువాక నుంచి ఆటో, అద్దెకు తెచ్చిన లెన్స్, మేకప్ సామాను, స్టూడియో అద్దె, టిఫిన్ ఇవన్నీ ఎవరో ఒకరి జేబులోంచి పోయే డబ్బు. వాటిని విడిగా రాసి, ఎవరెంత పెట్టుకోవాలో ముందే పంచుకోవాలి. ఎక్కువగా నష్టపోయేది మేకప్ ఆర్టిస్టు. ఫౌండేషన్, లాషెస్ తనవే, తెల్లవారుజామున లేచేదీ తనే, చివరికి పోస్టులో ట్యాగ్ చేయడం మర్చిపోయేది కూడా ఆవిడనే.

బొతిక్ ఇచ్చే లెహెంగా విషయంలో ఇంకొంచెం కళ్లు తెరవాలి. ట్యాగ్ మీద 12,000 ఉంటే దాని విలువ 12,000 అని కాదు. అదే సరుకు సీజన్ చివర డిస్కౌంట్‌లో ఎంతకు అమ్ముతారో అదీ విలువ. సైజు సరిపోతుందా, ఉప్పునీళ్లు తగిలినా కుచ్చుళ్లు రాళ్లకు పట్టి చిరిగినా ఎవరు భరించాలి, డ్రైక్లీనింగ్ ఎవరిది అన్నవి ముందే అడగాలి. డ్రెస్ చేతికి రాగానే నాలుగు వైపులా ఫోన్‌లో ఫొటోలు తీసిపెట్టుకోండి. కేఫ్‌లు, రుషికొండ వైపు రిసార్టులు గది ఇస్తాం, భోజనం పెడతాం, ఫొటోలు తీసివ్వండి అంటాయి. అక్కడా ఇదే లెక్క. వాళ్లకు ఖాళీగా ఉండే గదికి మీరు పండగ రోజు రేటు కట్టొద్దు.

ముందురోజు పంపాల్సిన మెసేజ్

పెద్ద అగ్రిమెంట్ అక్కర్లేదు. ఇలాంటి వాట్సాప్ మెసేజ్ ఒకటి గ్రూపులో పెట్టి, అందరి చేత "ఓకే" అనిపించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది:

"ఆదివారం ఉదయం 6 నుంచి 9, తెన్నేటి పార్క్ దగ్గర. రెండు డ్రెస్సులు. ఎడిట్ చేసిన ఫొటోలు 12, ఒక రీల్, 20 రోజుల్లోపు డ్రైవ్ లింక్‌లో. రా ఫైల్స్ (ఎడిట్ చేయని ఒరిజినల్స్) ఇవ్వబడవు. మేకప్ సామాను ఖర్చు, ఆటో ఖర్చు ముగ్గురం సమానంగా. ఫొటోలు ముగ్గురి పేజీల్లోనూ, పోర్ట్‌ఫోలియోలోనూ వాడుకోవచ్చు, క్రెడిట్ తప్పనిసరి. ప్రకటనకో, హోర్డింగ్‌కో, బయటివాళ్లకు అమ్మడానికో వాడాలంటే మళ్లీ అందరినీ అడగాలి. వాన పడితే వచ్చే ఆదివారం."

"రా ఫైల్స్ ఇవ్వబడవు" అన్న మాట కటువుగా ఉందని తీసేయకండి. షూట్ అయిన రాత్రే "అన్నా, అన్నీ పంపేయవా, నేను సెలెక్ట్ చేసుకుంటా" అని మెసేజ్ వస్తుంది. ఫిల్టర్ వేసిన రా ఫొటో కింద మీ పేరు కనబడ్డాక వివరణలు ఇచ్చుకుని లాభం లేదు.

బొతిక్ కూడా ఉంటే మెసేజ్ చాలదు, సంతకాలున్న కాగితం మంచిది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో హక్కు మామూలుగా తీసినవాళ్లదే. కానీ ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. లెహెంగా ఇచ్చాం కాబట్టి ఫొటోలు మావేనని బొతిక్ వాదించడానికి అక్కడే సందు దొరుకుతుంది. హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలం రాయకపోతే అయిదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే దేశమంతా అని చట్టం అనుకుంటుంది. రెండూ రాసేయండి. హక్కు ఎవరిదైనా, ముఖం మోడల్‌ది. ప్రకటనల్లో వాడాలంటే తన అనుమతి విడిగా తీసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని మోడల్ సంతకానికి విలువ లేదు. తల్లిదండ్రులు సంతకం పెట్టాలి, షూట్‌లోనూ ఉండాలి.

తెల్లవారుజాము షూట్లు

మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి అందరికీ సూర్యోదయమే కావాలి. డిసెంబరులో సూర్యుడు ఆరు దాటాకే పైకొచ్చినా, మేకప్ కోసం అమ్మాయి నాలుగింటికే ఇల్లు కదలాలి. తోడు ఒకరిని తెచ్చుకోవడం మోడల్ హక్కు. తోడు వద్దనే ఫొటోగ్రాఫర్‌తో షూట్ కూడా వద్దు, ఆయన పేజీకి ఎన్ని వేలమంది ఫాలోవర్లున్నా సరే. అంతకుముందు ఆయనతో పనిచేసిన ఇద్దరు ముగ్గురు మోడల్స్‌తో మాట్లాడండి. లొకేషన్ ఇంట్లోవాళ్లకు షేర్ చేయండి. డ్రెస్ ఎక్కడ మార్చుకోవాలో ముందే తేలాలి, "కారు ఉందిగా" అన్నది జవాబు కాదు. ముందు అనుకోని కాన్సెప్ట్ మధ్యలో వస్తే కాదనడానికి కారణం చెప్పనక్కర్లేదు. ఉచితంగా తీస్తున్నాడు కదా అన్న మొహమాటమే అక్కడ ప్రమాదం.

ఫొటో తీయడానికి ఒప్పుకోవడం వేరు, నలుగురికి పంచడానికి ఒప్పుకోవడం వేరు. మహిళల ఆంతరంగిక చిత్రాల విషయంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఈ తేడాని స్పష్టంగా చెబుతుంది. ఎవరైనా బెదిరిస్తే చాట్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి 112కి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి.

ఇక చోటు. యారాడ, రుషికొండ అలల్ని నమ్మొద్దు. చీర కట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడితే వెనక్కి లాగే అల చీరతో సహా లాగుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. వాతావరణ హెచ్చరిక ఉంటే షూట్ వాయిదా, మారుమాట వద్దు. డ్రోన్ సంగతి మరీ జాగ్రత్త. నేవీ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర అనుమతి లేకుండా ఎగరేయకూడదు, ఎయిర్‌పోర్టు ఉన్న ఐఎన్ఎస్ డేగా కూడా నేవీ స్థావరమే. కొలాబ్ కోసం డ్రోన్ పోగొట్టుకోవడం కన్నా తెలివితక్కువ బేరం ఇంకోటి లేదు. నేవీ విన్యాసాల రిహార్సల్స్ జరిగే రోజుల్లో ఆర్కే బీచ్ పేరే ఎత్తకండి. ఎర్రమట్టి దిబ్బలు అంచులు తొక్కితే రాలిపోయే నేల, ఎక్కి నిలబడే పోజులు మానండి.

ఫొటోగ్రాఫర్లూ మోసపోతారు. లెన్స్ అద్దె కట్టాక ఉదయం అయిదింటికి మోడల్ ఫోన్ స్విచాఫ్ వస్తే ఆ డబ్బు తిరిగిరాదు. కొత్తవాళ్లయితే ఇద్దరూ చెరో 500 మధ్యవర్తి దగ్గర, మేకప్ ఆర్టిస్టు అయినా సరే, పెట్టండి. ఇద్దరూ టైముకి వస్తే ఎవరిది వాళ్లకు, రానివాళ్లది వచ్చినవాళ్లకు.

టాక్స్ విషయం రెండు ముక్కల్లో. ఇదే వృత్తిగా ఉన్నవాళ్లకు వస్తువు రూపంలో వచ్చినా అది ఆదాయమే. పెద్ద కంపెనీ ఏడాదిలో 20,000 దాటిన విలువైనవి ఇస్తే పది శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా మినహాయించి కట్టే పన్ను) లెక్క చూడాలి, ఈ నిబంధన 2022 జూలై 1 నుంచి ఉంది. ఫోనో, కెమెరానో షూట్ అయ్యాక తిరిగిచ్చేస్తే లెక్కలోకి రాదు, ఉంచుకుంటే వస్తుంది. జీఎస్టీ చట్టంలో కూడా వస్తుమార్పిడి సరఫరా కిందికే వస్తుంది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆ లెహెంగా సంగతి ఆడిటర్‌కి చెప్పండి. తిరిగిచ్చిన వస్తువుకి బొతిక్ నుంచి "ముట్టింది" అని ఒక్క మెసేజ్ తీసుకుని దాచుకోండి.