సూపర్‌కారు కొనకుండా నడపడం: హైదరాబాద్‌లో క్లబ్ సభ్యత్వం తీసుకునేవారికి

కోట్ల రూపాయల స్పోర్ట్స్ కారు కొన్నవారి దగ్గర ఆ కారు రోడ్డెక్కే రోజుల కంటే కవరు కప్పుకొని బేస్‌మెంట్‌లో నిలిచి ఉండే రోజులే ఎక్కువ. హైదరాబాద్‌లో ఇది మరీ నిజం. సాయంత్రం వేళ గచ్చిబౌలిలోనో, జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 36లోనో చిక్కుకున్న ఐదారు వందల హార్స్‌పవర్ ఇంజిన్ వేడెక్కుతుందే తప్ప ముందుకు కదలదు. అది తన స్వభావాన్ని కాస్తయినా చూపగలిగేది సెలవు రోజు తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద, లేదా శంకర్‌పల్లి, వికారాబాద్ దారుల్లో మాత్రమే. కాబట్టి ఒక కారును పదిమంది పంచుకోవడం ఎంతో సబబైన ఆలోచన. రుసుము తీసుకొని, తన కార్లను సభ్యులకు వంతులవారీగా నడపడానికి ఇచ్చే క్లబ్ చేసేది ఇదే. అయితే ఆ పదిమందికీ కావలసింది అదే ఆదివారం ఉదయం కావడంలోనే అసలు చిక్కంతా ఉంది. క్లబ్ గ్యారేజీలో ఎన్ని రకాల కార్లున్నాయన్నది ఎవరైనా గొప్పగా చెబుతారు. మీరు అడగవలసింది మీకు ఎన్ని ఆదివారాలు దక్కుతాయని.

ముందుగా ఆ లెక్కే వేసుకోవాలి. ఏడాదికి 52 ఆదివారాలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో వచ్చే పదిహేడింటిని చాలావరకు పక్కన పెట్టాలి, ఎందుకంటే నేలకు అరచేతి ఎత్తులో ఉండే కారును నీరు నిలిచిన రోడ్డు మీదకు తీసుకెళ్లడానికి బాధ్యత గల క్లబ్ ఏదీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మిగిలిన ముప్పై అయిదులో సర్వీసింగ్‌కు, మరమ్మతులకు కొన్ని పోతాయి. ఒక్కో కారుకు పదిమంది సభ్యులుంటే తలా మూడు ఆదివారాలు వస్తే గొప్పే. అందుకే సంతకం చేసే ముందు సభ్యుల సంఖ్యకు, కార్ల సంఖ్యకు మధ్య నిష్పత్తి ఎంత, అది ఎంతకు మించదని క్లబ్ రాసి ఇస్తుంది అని అడగాలి. నోటిమాటగా చెప్పిన నిష్పత్తి కొత్త సభ్యులు చేరేకొద్దీ మారిపోతుంది.

ఇక డబ్బు. ఉదాహరణకు రోడ్డెక్కేసరికి నాలుగు కోట్లయ్యే కారును తీసుకుందాం. ఆ మొత్తాన్ని ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏడాదికి 28 లక్షలు వస్తుంది. ఏడాదికి పది రోజులే నడిపే యజమానికి, బీమా, సర్వీసు, తరుగుదల ఏవీ కలపకుండానే, పోగొట్టుకున్న వడ్డీ ఒక్కటే రోజుకు 2,80,000 రూపాయలు పడుతోందన్నమాట. క్లబ్ విషయంలో ప్రవేశ రుసుము, వార్షిక రుసుము, జీఎస్‌టీ, కిలోమీటర్ల పరిమితి దాటితే కట్టే అదనపు సొమ్ము, పెట్రోలు అన్నీ కలిపి, మీరు నిజంగా నడపగలిగే రోజులతో భాగించి చూడండి. చేరేటప్పుడు క్లబ్‌కు కట్టి, వెళ్లేటప్పుడు తిరిగి తీసుకునే డిపాజిట్‌ను ఈ మొత్తంలో కలపకండి, దాని మీద పోయే వడ్డీని మాత్రం కలపండి. ఏటా నలభై, యాభై రోజులు నడిపే తీరిక, సొంత కారును తన చేత్తో తుడిచి చూసుకోవాలన్న మక్కువ ఉన్నవారికి క్లబ్ సరిపడదని నా అభిప్రాయం. అటువంటివారు కొంత తక్కువ ధరలో, సెకండ్‌హ్యాండ్‌లో సొంత కారు తీసుకోవడమే మేలు.

నంబర్ ప్లేటు, బీమా పత్రం

ఎంతో ఇష్టంగా ఈ సభ్యత్వం వైపు వచ్చేవారు అన్నిటికంటే తేలిగ్గా దాటేసేది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ భాగమే. మన దేశంలో సొంత వాడకానికి నమోదైన కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. డ్రైవర్‌తో నడిచే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, నడిపేవారే తీసుకెళ్లే అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. ఈ చివరి రకానికి 1989 నాటి రెంట్ ఏ క్యాబ్ పథకం వర్తిస్తుంది. దాని ప్రకారం లైసెన్సు పొందాలంటే సంస్థ దగ్గర కనీసం 50 వాహనాలుండాలి. నాలుగైదు కార్లున్న చిన్న క్లబ్ ఆ గడప దాటలేదు కాబట్టి, తెల్ల ప్లేటు కార్లనే సభ్యత్వం పేరుతో ఇచ్చే పద్ధతి పుడుతుంది.

దీని ప్రభావం ప్రమాదం జరిగిన రోజున కనిపిస్తుంది. ప్రైవేటు కారు పాలసీ తెరిచి, వాడకంపై పరిమితులు అన్న భాగం చదవండి. అద్దెకు లేదా ప్రతిఫలం తీసుకొని వాడటం, పందేలు, వేగ పరీక్షలు పాలసీ పరిధిలోకి రావని అక్కడ ఉంటుంది. మీరు కట్టిన రుసుమును ప్రతిఫలంగా బీమా సంస్థ భావిస్తే కారుకు జరిగిన నష్టం క్లెయిమును తిరస్కరించగలదు, అప్పుడు క్లబ్ ఆ మొత్తాన్ని ఒప్పందం ప్రకారం మీ నుంచే రాబట్టాలని చూస్తుంది. ఒక ముందు బంపరు, రెండు హెడ్‌లైట్లు, ఒక కార్బన్ ఫైబర్ భాగం కలిస్తేనే బిల్లు సాధారణ కారు ధరను మించవచ్చు. కాబట్టి క్లబ్‌ను మూడు కాగితాలు అడగండి: కారు ఆర్‌సీ, అమలులో ఉన్న బీమా పాలసీ పూర్తి ప్రతి, సభ్యులు నడపడానికి అభ్యంతరం లేదని బీమా సంస్థ ఇచ్చిన రాతపూర్వక అంగీకారం. మూడోది లేకుంటే, ఎంత అందమైన కారయినా, వెనక్కి రావడమే మంచిది. ప్రభుత్వ ఎం పరివాహన్ యాప్‌లో కారు నంబరు కొట్టి బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువును మీరే సరిచూసుకోవచ్చు.

పాలసీలో ఇంకో రెండు సంగతులు చూడాలి. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ధరే వస్తుంది. తరుగుదల మినహాయించని అదనపు రక్షణ ఉంటేనే ఆ కోత ఉండదు. అలాగే ఇంజిన్‌లోకి నీరు చేరి పాడైతే వర్తించే రక్షణ విడిగా ఉందో లేదో అడగండి. ఒక్క వానకే రోడ్లు చెరువులయ్యే ఊరిలో దీనిని అదనపు ఖర్చని వదులుకోవడం సరికాదు.

నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒక కారు కొనుక్కోవాలనుకుంటే మార్గం వేరు. ఒకరి పేరున ఆర్‌సీ పెట్టి మిగతావారు నమ్మకం మీద డబ్బివ్వడం ఎక్కువ కాలం నిలవదు. 2008 చట్టం కింద ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) ఏర్పాటు చేసి కారును దాని పేరున నమోదు చేయించడం మంచి పద్ధతి. ఎవరైనా ఊరు మారినా, మరణించినా, వాటా అమ్ముకోవాలనుకున్నా విలువ ఎలా కట్టాలో ఆ ఒప్పందంలోనే రాసుకోవచ్చు. బీమా సంస్థకు ఎవరెవరు నడుపుతారో ఇక్కడ కూడా ముందే తెలియజేయాలి.

పాయింట్లు, బుకింగ్

కార్ల క్లబ్బులు చాలాకాలంగా పాయింట్ల పద్ధతిని పాటిస్తున్నాయి. 1996లో ఫార్ములా వన్ విజేతగా నిలిచిన డేమన్ హిల్ 2000లో భాగస్వామితో కలిసి బ్రిటన్‌లో స్థాపించిన పీ1 ఇంటర్నేషనల్ ఈ తరహా సంస్థల్లో పేరు తెచ్చుకుంది. పద్ధతి సూటిగానే ఉంటుంది. ఏడాదికి మీకు కొన్ని పాయింట్లు ఇస్తారు, ఒక్కో కారుకు ఒక్కో రోజు ఇన్ని పాయింట్లని నిర్ణయిస్తారు. ఫెరారీకి ఎక్కువ, పోర్షే కేమన్‌కు తక్కువ. ఆదివారానికి ఎక్కువ, మంగళవారానికి తక్కువ. సెలవు పెట్టుకోగల ఉద్యోగం మీదైతే వారం మధ్యలో తెల్లవారుజామున తీసుకోండి, అవే పాయింట్లతో దాదాపు రెట్టింపు రోజులు దక్కవచ్చు.

నిబంధనల్లో వెతకవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఒక సభ్యుడు ఒకేసారి ఎన్ని ఆదివారాలు ముందుగా పట్టి ఉంచుకోవచ్చన్న దానికి హద్దు లేకపోతే, తొందరపడినవారే ఏడాదంతా ఆక్రమిస్తారు. వాన వల్లో, కారు వర్క్‌షాప్‌లో ఉండటం వల్లో మీ రోజు పోతే పాయింట్లు వెనక్కి రావాలి. మీరు బుక్ చేసిన కారు బదులు దానికంటే చిన్న కారు ఇస్తే తేడా పాయింట్లూ రావాలి. వానాకాలంలో వాడలేకపోయినవి మరుసటి ఏడాదికి కలుస్తాయో లేదో కూడా అడగండి. ఏప్రిల్‌లో మొదలయ్యే సభ్యత్వం కంటే అక్టోబర్‌లో మొదలయ్యేది మన వాతావరణానికి నయం, వరుసగా ఎనిమిది పొడి నెలలు చేతిలో ఉంటాయి.

తాళం తీసుకునేటప్పుడు

కారు అప్పగింతకు కనీసం అరగంట కేటాయించాలి. సెల్‌ఫోన్ టార్చి వేసి, మోకాళ్ల మీద కూర్చుని, ముందు బంపరు కింది అంచును ఎడమ నుంచి కుడికి వీడియో తీయండి, గీతలన్నీ అక్కడే ఉంటాయి. తర్వాత నాలుగు అల్లాయ్ చక్రాల అంచులు, ముందు అద్దం, ఓడోమీటరు, పెట్రోలు మట్టం. వీడియోను అక్కడికక్కడే క్లబ్ ప్రతినిధి నంబరుకు పంపించండి.

టైర్లను ప్రత్యేకంగా చూడండి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. అక్కడ 2423 అని ఉంటే 2023వ సంవత్సరం 24వ వారంలో తయారైందని అర్థం. క్లబ్ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాడులు కొత్తవాటిలా లోతుగా కనిపిస్తాయి, కానీ మన ఎండకు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోయి ఉండవచ్చు. తయారై ఐదారేళ్లు దాటిన టైర్లతో ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకే వెళ్లే శక్తిమంతమైన కారు ఇస్తామంటే నేనైతే తాళం తీసుకోను.

కారు ముందుభాగాన్ని పైకెత్తే బటన్ ఎక్కడుందో బయలుదేరకముందే నేర్చుకోండి. అది తక్కువ వేగంలోనే పనిచేస్తుంది, లేవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. రోడ్డు ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో వాలుగా ఉండాలి. కాలనీల్లో మనం చూసేవి అంత వెడల్పుగా ఉండవు, నిటారుగా లేస్తాయి. వాటికి ముందే ఆగి, ముందుభాగం లేపి, వీలైతే ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించాలి. అపార్ట్‌మెంట్ ర్యాంపు మొదలయ్యే చోట కూడా ఇదే జాగ్రత్త. పెట్రోలు మూత లోపల రాసి ఉన్న ఆక్టేన్ సంఖ్యను చూసి పోయించండి. 2020 డిసెంబర్‌లో ఇండియన్ ఆయిల్ ప్రవేశపెట్టిన ఎక్స్‌పీ100 వంటి 100 ఆక్టేన్ పెట్రోళ్లు ఎంపిక చేసిన బంకుల్లోనే ఉంటాయి కాబట్టి బంకు ఎక్కడో ముందు రోజే చూసుకోవాలి.

ఇంజిన్ ఆయిల్ వేడెక్కేవరకు, అంటే మొదటి పదిహేను నిమిషాలు, నెమ్మదిగా నడపండి. కార్బన్ సిరామిక్ బ్రేకులు చల్లగా ఉన్నప్పుడు కీచుమనడం లోపం కాదు. కారు అదుపు తప్పి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్‌ను రోడ్డు మీద ఎప్పుడూ ఆపవద్దు. 158 కిలోమీటర్ల ఔటర్ మీద 2023 నుంచి కుడివైపు రెండు లేన్లలో గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఈ కార్లలో చాలావి సున్నా నుంచి వందకు మూడు నాలుగు సెకన్లలో చేరతాయి కాబట్టి ఆనందం ఆ వేగానికి చేరే తీరులో, మలుపులో స్టీరింగ్ చెప్పే కబుర్లలో, ఇంజిన్ శబ్దం మారే క్షణాల్లో ఉంది. అందుకే నాకు ఔటర్ కంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మలుపులే ఇష్టం, అక్కడ అరవై కిలోమీటర్ల వేగంలోనే కారు పనితనం తెలుస్తుంది. ఫొటోల కోసం ఔటర్ మీద కారు ఆపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. శ్రీశైలం దారి అనుకుంటే, అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూసి ఉంటాయని గుర్తుంచుకోండి. వేగం చలానా కారు యజమాని పేరున వస్తుంది, క్లబ్ దానిని మీకు పంపే గడువు, విధానం ఒప్పందంలో ఉండాలి.

నిజమైన వేగం కావాలంటే ట్రాకుకే వెళ్లాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగిన దారి తాత్కాలికమైనది. శాశ్వత ట్రాకులు దక్షిణాదిన చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ఉన్నాయి. మామూలు పాలసీ ట్రాకు మీద వర్తించదు కాబట్టి, క్లబ్ ట్రాక్ డే ఏర్పాటు చేస్తే దెబ్బతిన్న కారు ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి.

బయటికి వచ్చే దారి

చేరేటప్పుడే వెళ్లిపోయే షరతులు చదవాలి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఏ నష్టాలను అందులోంచి కోస్తారు, ఆ కోతకు అధీకృత వర్క్‌షాప్ బిల్లు చూపిస్తారా, మధ్యలో సభ్యత్వం మరొకరికి బదలాయించవచ్చా అన్నవి స్పష్టంగా ఉండాలి. ప్రమాదంలో మీరు భరించే గరిష్ఠ మొత్తం అంకెల్లో ఉండాలి. "వాస్తవ నష్టం" అని మాత్రమే రాస్తే దానికి హద్దు లేనట్టే. సేవల్లో లోపంపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, అయితే అక్కడ నిలబడేది మీ దగ్గరున్న కాగితమే. వీలైతే మొదట మూడు నెలల సభ్యత్వమే తీసుకొని, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు అడిగిన ఆదివారాల్లో ఎన్ని దొరికాయో రాసుకొని, ఆ తర్వాతే వార్షిక రుసుము చెల్లించండి.