రా ఫొటోల బ్యాచ్ ఎక్స్‌పోర్ట్: టైమింగ్ అంకెలు నమ్మేలా లేకపోతే

కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫొటోలను గుంపుగా జేపెగ్ లాంటి ఫైళ్లుగా మార్చడానికి ఎంతసేపు పడుతుందో కొలిచేటప్పుడు ఎదురయ్యే చిక్కులివి.

రెండో రన్ క్షణాల్లో ముగిసిపోయింది
సంబరపడకండి, అసలు పనే జరగలేదు. రాథెరపీ, డార్క్‌టేబుల్ రెండూ రా ఫొటోలను ఎడిట్ చేసే ప్రోగ్రామ్‌లు, కమాండ్‌తోనూ నడుస్తాయి. అవుట్‌పుట్ ఫైల్ ముందే ఉంటే రాథెరపీ కమాండ్ లైన్ ఆ ఫొటోను వదిలేసి ముందుకు పోతుంది. ఓవర్‌రైట్ చేయాలంటే క్యాపిటల్ వై (-Y) ఆప్షన్ ఇవ్వాలి. డార్క్‌టేబుల్ సీఎల్ఐ (దాని కమాండ్ లైన్ రూపం) మామూలుగా పాత ఫైల్‌ను ముట్టుకోకుండా పేరు చివర 01, 02 తగిలించి కొత్తది రాస్తుంది. డిస్క్ నిండేదాకా అది కంట పడదు. అందుకే ప్రతి రన్‌కూ ముందు అవుట్‌పుట్ ఫోల్డర్ ఖాళీ చేయండి. కమాండ్‌లకు పట్టే సమయం కొలిచే హైపర్‌ఫైన్ అనే టూల్ వాడితే ఆ పని ‘ప్రిపేర్’ ఆప్షన్‌కు అప్పగించండి, అందులో పట్టే సమయం లెక్కలోకి రాదు.

మొదటి రన్ ఒక్కటే బాగా నెమ్మది
ఒకసారి చదివిన ఫైళ్లను లినక్స్ ర్యామ్‌లో ఉంచుకుంటుంది కాబట్టి రెండోసారి డిస్క్ దాకా వెళ్లదు. దీనికి తోడు, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) డ్రైవర్ మారాక డార్క్‌టేబుల్ ఓపెన్‌సీఎల్ కెర్నల్స్‌ను, అంటే జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్‌లను, మళ్లీ కంపైల్ చేసుకుంటుంది. ఒక రన్ చేసి ఆ అంకెను పారేయండి. తర్వాత ఐదు రన్‌లు చేసి మధ్య విలువ తీసుకోండి, సగటు వద్దు.

జీపీయూ ఆన్ చేసినా తేడా లేదు
డార్క్‌టేబుల్‌ను డీబగ్ ఆప్షన్‌లో ‘పర్ఫ్’ ఇచ్చి నడిపితే ఏ మాడ్యూల్‌కు (ఒక్కో ఎడిట్ దశకు) ఎంత పట్టిందో, అది సీపీయూ మీద నడిచిందో జీపీయూ మీద నడిచిందో లాగ్‌లో కనిపిస్తుంది. అన్నీ సీపీయూ అనే ఉంటే ఓపెన్‌సీఎల్ మొదలే కాలేదన్నమాట. జీపీయూ అనే ఉండి కూడా మొత్తం సమయం తగ్గకపోతే భారం వేరేచోట ఉంది. ప్రోగ్రామ్ లోడవడం, ఫైల్ డీకోడ్, జేపెగ్ రాయడం సీపీయూ పనులే. పీఎన్‌జీ కంప్రెషన్ మరీ నిదానం. ఫొటోకో కమాండ్ చొప్పున లూప్ తిప్పితే స్టార్టప్ ఖర్చు ప్రతిసారీ పడుతుంది. ఫోల్డర్ మొత్తం ఒకే కమాండ్‌కు ఇవ్వండి.

నాలుగు జాబ్‌లు కలిపి నడిపితే ఇంకా నెమ్మదించింది
ఒక్క జాబే అన్ని కోర్లనూ వాడేస్తుంది. పైగా 24 మెగాపిక్సెల్ ఫొటోకు పిక్సెల్‌కు 16 బైట్ల లెక్కన ఒక బఫరే (ఫొటోను ఉంచుకునే మెమరీ భాగం) 384 ఎంబీ. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కలిస్తే 768. అది నాలుగింతలైతే మూడు జీబీ దాటి, ర్యామ్ చాలనిచోట స్వాప్, అంటే ర్యామ్‌కు బదులు డిస్క్ వాడటం, మొదలవుతుంది. జాబ్‌ల సంఖ్యను ఒక్కో జాబ్ వాడే థ్రెడ్‌ల (సమాంతరంగా నడిచే పనుల) సంఖ్యతో గుణిస్తే కోర్ల సంఖ్య మించకుండా చూసుకోండి.

డార్క్‌టేబుల్ డేటాబేస్ లాక్ అయిందంటూ ఆగిపోతే లైబ్రరీని మెమరీలో పెట్టి, ‘అప్లై కస్టమ్ ప్రీసెట్స్’కు 0 ఇవ్వండి. అప్పుడు మీ ప్రీసెట్లు (ముందే దాచుకున్న సెట్టింగులు) పడవు, కాబట్టి ఎడిట్లు ఉండే ఎక్స్‌ఎంపీ ఫైల్‌ను కమాండ్‌లోనే చూపించడం మేలు. లేదంటే కొలిచేది వేరే ఎడిట్‌ను కావచ్చు.

సగం బ్యాచ్ అయ్యాక వేగం పడిపోతోంది
వేడి. ల్యాప్‌టాప్‌లలో మరీను. ఛార్జర్ పెట్టి, రన్‌ల మధ్య చల్లారనివ్వండి. రెండు సెట్టింగులను పోల్చేటప్పుడు ఒకదాని రన్‌లన్నీ ముందే ముగించకుండా మార్చి మార్చి నడపండి.