కమిటీ చైర్మన్ మీద ఫిర్యాదు కొట్టించే ముందు

ఒంగోలు కలెక్టరేట్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో నాకో టైపింగ్ షాపు ఉంది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మిషను, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బల్ల. పొలం గట్టు తగాదాలు, ఆగిపోయిన పింఛన్లు, రేషన్ కార్డులో తప్పుపడ్డ పేర్లు, వీటి అర్జీలతోనే రోజు గడిచిపోతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రం ఎవరో ఒకరు ఫోను నా మొహం ముందు పెట్టి, ఫలానా పార్లమెంటు కమిటీ చైర్మన్ మీద ఢిల్లీకి కంప్లైంట్ కొట్టమంటారు.

పోయిన పొగాకు వేలం సీజన్‌లో టంగుటూరు వైపు నుంచి ఒక కుర్రాడు అట్లానే వచ్చాడు. వాళ్ల నాన్న నాకు పాత పరిచయం. "బాబాయ్, ఈయనకి సిగరెట్ కంపెనీలో షేర్లున్నాయంట. పొగాకు సంగతి తేల్చేది ఈయన కమిటీయేనంట. వదిలిపెట్టగూడదు" అన్నాడు. చూస్తే వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ. ఒక ఫోటో, దాని చుట్టూ ఎర్ర సున్నా, కింద నాలుగు లైన్ల తిట్లు.

"నువ్వు చెప్పిన దాంట్లో రెండు ‘అంట’లు ఉన్నాయిరా అబ్బాయ్. ముందు అవి తీసేద్దాం, కూర్చో" అన్నాను. ఆ మధ్యాహ్నం వాడితో చేయించిన పనే ఇక్కడ రాస్తున్నాను.

దానికి ముందు నా సంగతి. కొండపి మండలంలో మాకు పొగాకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది, తమ్ముడు చూసుకుంటాడు. పొగాకు మీద ఢిల్లీలో ఎవరేమన్నా ఆ సాయంత్రానికి మా ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. కాబట్టి పొగాకు విషయంలో నా మాట కాస్త తగ్గించి వినండి. ఫిర్యాదు రాయించుకునేవాళ్లు కూడా తమకేం లాభం, తమకేం నష్టం అన్నది ముందే ఒక వాక్యంలో చెప్పుకోవడం మంచిది. అవతలివాడు ఎట్లాగూ తవ్వుతాడు.

మొదట తేల్చాల్సింది, అసలు ఏ కమిటీ? బజారులో అన్నీ కమిటీలే. మంత్రిత్వ శాఖల పని చూసే స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కోదాంట్లో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. వీటిలో 16 లోక్‌సభ స్పీకర్ కింద, 8 రాజ్యసభ చైర్మన్ కింద నడుస్తాయి. కమిటీ చైర్మన్‌ను నియమించేది కూడా వాళ్లే. ఇవికాక పద్దుల కమిటీ, మంత్రిత్వ శాఖలు చేసే నియమ నిబంధనల్ని పరిశీలించే కమిటీ, ఒక్కో బిల్లు కోసం వేసే కమిటీలు వేరు. మంత్రి పిలిచి కూర్చోబెట్టే సంప్రదింపుల కమిటీ ఇంకా వేరు. స్థాయీ సంఘాల గడువు ఒక ఏడాదే, తర్వాత మళ్లీ వేస్తారు. అందుకే పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు, ఏ తేదీన వేసిన కమిటీయో కూడా రాసుకోవాలి. నిరుడు చైర్మన్‌గా ఉన్నాయన ఈ ఏడు మామూలు సభ్యుడు కూడా కాకపోవచ్చు.

ఆ చైర్మన్ చేతిలో ఏముందో కూడా తెలిసుండాలి. ఓట్లు సమానమైతే ఆయనకు నిర్ణాయక ఓటు ఉంటుంది. సమావేశం ఎప్పుడు పెట్టాలన్నది ఆయన చేతిలోనే. కానీ కమిటీ ఇచ్చేది సిఫార్సే, చట్టం కాదు. ప్రభుత్వం కాదనొచ్చు. ‘చైర్మన్ సంతకం పెట్టి పన్ను తగ్గించాడు’ అని రాసుకొచ్చిన అర్జీని నేను టైప్ చేయను. ఢిల్లీలో మొదటి గుమాస్తాయే నవ్వి పక్కన పడేస్తాడు.

ఇక అసలు గీటురాయి. లోక్‌సభ కార్యవిధాన నియమాల్లో 255 అని ఒకటి ఉంది. ఒక సభ్యుడిని కమిటీలో వేయడం మీద, ఆయనకు అందులో సొంత లాభం ఉందని ఇంకో సభ్యుడు అభ్యంతరం చెప్పొచ్చు. ఎలాంటి లాభమో కూడా నియమం విడమర్చి చెప్పింది. అది నేరుగా ఆయనది, ఆయన సొంతానిది లేదా డబ్బుకు సంబంధించినది అయి ఉండాలి. విడిగా ఆయనదే కావాలి. జనం అందరితోనో, ఒక వర్గంతోనో కలిసి ఉన్నదైతే చెల్లదు. తేల్చేది స్పీకర్. తేలేదాకా ఆ సభ్యుడు చర్చలో కూర్చోవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు.

మన జిల్లావాళ్లు ఈ నియమాన్ని రెండుసార్లు చదవాలి. ఒక ఎంపీకి పది ఎకరాల పొగాకు ఉండి, కమిటీలో పొగాకు రైతుకు గిట్టుబాటు కావాలని అరిచాడనుకోండి. ఆ లాభం ఆయనతోపాటు కొండపి, పొదిలి, కనిగిరి రైతులందరిదీ. అందుకని ఈ నియమం కింద ఆయనను తప్పుపట్టడం కష్టం. అదే ఎంపీకి ఒక సిగరెట్ కంపెనీలో పెద్ద వాటా ఉండి, ఆ కంపెనీకే పనికొచ్చే ఒక మినహాయింపును కమిటీ నివేదికలో పెట్టించాడనుకోండి, అప్పుడు మాట్లాడటానికి విషయం ఉంది. రెండింటి మధ్యనుండే బీడీల యజమాని సంగతి? దాని మీద దేశమంతా ఒకసారి గొడవ పడింది.

2014 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పొగాకు ఉత్పత్తుల పెట్టెల మీద బొమ్మల హెచ్చరిక 85 శాతం ఉండాలని, అది 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని. అప్పటిదాకా ఉన్నది ఒకవైపు 40 శాతం. గడువు దగ్గరపడ్డాక, 2015 మార్చిలో, నియమ నిబంధనల్ని పరిశీలించే లోక్‌సభ కమిటీ దాన్ని ఆపి ఉంచమంది. చైర్మన్ అహ్మద్‌నగర్ ఎంపీ దిలీప్ గాంధీ. పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని తేల్చిన మన దేశపు అధ్యయనం లేదని ఆయన అనడంతో దుమారం లేచింది. అదే కమిటీలో అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా సభ్యుడు. ఆయనకు బీడీల వ్యాపారం, అదేం రహస్యం కాదు. పొగాకు మీద తీర్పు చెప్పే చోట బీడీల యజమాని ఎట్లా కూర్చుంటాడని పత్రికలు, డాక్టర్లు నిలదీశారు. హెచ్చరిక ఏడాది వాయిదా పడింది. 2016 మార్చిలో కమిటీ 50 శాతం చాలంది. ప్రభుత్వం వినకుండా 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతమే అమలు చేసింది.

వాయిదా పడిందన్న రోజు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచేదేముంది. తర్వాత నింపాదిగా చూస్తే నాకు కనిపించింది ఏంటంటే, అక్కడ రెండు వేరువేరు ఆరోపణలు ఒకే మూటలో కట్టేశారు. సభ్యుడిది వ్యాపారం. చైర్మన్‌ది అభిప్రాయం. ఆ అభిప్రాయం డాక్టర్ల దృష్టిలో ఎంత తప్పైనా, అది లాభం కాదు. మీరు రాయించే కాగితంలో ఈ రెండూ కలిపారంటే, గట్టిది కూడా వదులైపోతుంది.

సరే, కాగితాలు ఎట్లా పోగేయాలి? మొదటిది, నామినేషన్‌తో వేసిన ఫారం 26 అఫిడవిట్. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, డబ్బులక్కర్లేదు. షేర్లు, అప్పులు, భూములు, భార్యాభర్తలిద్దరి వృత్తి, ఆదాయ మార్గం ఉంటాయి. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు కూడా రాయాలి. అందులో ఉండనిది కూడా గుర్తుపెట్టుకోండి. అభ్యర్థి, భార్య లేదా భర్త, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్లు, అంతవరకే. విడిగా సంపాదించుకునే కొడుకు, తమ్ముడు, వియ్యంకుడు అందులో కనిపించరు. మన దగ్గర వ్యాపారాలు ఎవరి పేరు మీద ఉంటాయో మీకు నేను చెప్పాలా!

రాజ్యసభ సభ్యుడైతే ఇంకో దారి ఉంది. ఆ సభ నియమం 293 కింద సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ ఒకటి పెట్టారు. జీతం వచ్చే డైరెక్టర్ పదవి, క్రమంగా డబ్బు వచ్చే పని, కంపెనీని శాసించేంత వాటా, డబ్బు తీసుకుని ఇచ్చే సలహా, వృత్తి ఒప్పందాలు, ఈ ఐదూ రాయాలి. ఆర్‌టీఐ కింద అడగండి. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. లోక్‌సభలో అలాంటి రిజిస్టర్ లేదు, అక్కడ ఫారం 26 మీదే ఎక్కువ ఆధారపడాలి.

కంపెనీల సంగతి కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూడాలి. కంపెనీ వివరాలు, డైరెక్టర్ల పేర్లు ఊరికే కనిపిస్తాయి. వాటాలెవరివో చూడాలంటే వార్షిక రిటర్ను తెరవాలి, ఒక్కో కంపెనీకి 100 రూపాయల చొప్పున పోర్టల్‌లో కట్టాలి. ఇక్కడే నేను ఒకసారి బోల్తా పడ్డాను. షాపుకొచ్చిన ఒకాయనకి టైప్ చేసిచ్చిన కాగితంలో డైరెక్టర్‌దీ ఎంపీదీ ఇంటిపేరు, పేరు, రెండూ సరిపోయాయని రాసేశాను. తీరా చూస్తే ఆ డైరెక్టర్ వేరే జిల్లా మనిషి, వయసులో పదిహేనేళ్లు చిన్న. అదృష్టం కొద్దీ అది పోస్టులో పడకముందే తెలిసింది. ఆ రాత్రి నిద్ర లేదు. మన ఇంటిపేర్లు ఊళ్లకు ఊళ్లే పంచుకుంటాయి. డైరెక్టర్ నంబరు, తండ్రి పేరు, చిరునామా, మూడూ కలిస్తేనే ఆ మనిషి.

నాలుగోది జనం అసలు చూడరు. కమిటీ నివేదిక చివర్లో సమావేశాల మినిట్స్ జతచేస్తారు. ఏ తేదీన ఏ విషయం వచ్చింది, ఎవరెవరు హాజరయ్యారు, ఆ రోజు అధ్యక్ష స్థానంలో ఎవరు కూర్చున్నారు, అన్నీ ఉంటాయి. ఆ విషయం వచ్చిన రోజు చైర్మన్ లేకపోతే, ఇంకొకరు సమావేశం నడిపి ఉంటే, మీ ఆరోపణ సగం అక్కడే ఆగిపోతుంది. నివేదిక సభలో పెట్టేదాకా ఇవేవీ బయటికి రావు, వచ్చాయని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే అనుమానించండి.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు లాభం: ఏ కంపెనీ, ఎంత వాటా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ కాగితంలో ఉంది. కుడివైపు కమిటీ: ఏ విషయం, ఏ తేదీ, ఎవరు కుర్చీలో, ఏం సిఫార్సు చేశారు. గీతకు రెండువైపులా తేదీలు ఎదురెదురుగా పడిన వరసలే ఫిర్యాదులోకి వెళ్లాలి. మిగతాది టీ కొట్టు దగ్గరికి. రెండుమూడేళ్ల కింద అమ్మేసిన షేర్లు, కమిటీ ముట్టుకోని విషయాలు, చైర్మన్ తిరిగే కారు, ఇవన్నీ అక్కడే.

రాజ్యసభ సభ్యుడైతే అక్కడి నైతిక విలువల కమిటీకి ఎవరైనా నేరుగా రాయొచ్చు. లోక్‌సభకైతే స్పీకర్ పేరున రాయాలి, పైగా ఒక ఎంపీ దాన్ని పంపాలి. ఎంపీ సంతకం కోసం తిరగడమే అసలు కష్టం, కొందరికి మూడు నెలలు పట్టింది. ఫిర్యాదు అబద్ధమూ, పనికిమాలినదీ, కక్షతో పెట్టినదీ కాదని అఫిడవిట్ కూడా జతచేయాలి, దానికి నోటరీ కావాలి. భాష మర్యాదగా ఉండాలని నియమాల్లోనే ఉంది. పేపరు కటింగు ఒక్కటే పెడితే చాలదు. నేనైతే ‘దోచుకున్నాడు’ అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టేసి, ‘ఫలానా తేదీన ఫలానా వాటా ఉన్నట్టు అఫిడవిట్‌లో ఉంది’ అని పెడతాను. రాయించుకునేవాళ్లు ఒప్పుకోకపోతే డబ్బులు తిరిగిచ్చి పంపేస్తాను.

టంగుటూరు కుర్రాడి కాగితంలో ఎడమవైపు ఒక వరస వచ్చింది. షేర్లు ఉన్నాయి, అఫిడవిట్‌లో ఆయనే రాశాడు, కొద్దివే. కుడివైపు ఏమీ రాలేదు. ఆ కమిటీ వెలువరించిన నివేదికల్లో పొగాకు మాటే లేదు.

"అయితే వదిలేయాల్నా బాబాయ్?" అన్నాడు.

"ఇంకో నివేదిక వస్తే మినిట్స్ చూడు. ఆ ఫార్వర్డ్ మాత్రం ఇక పంపొద్దు" అన్నాను.

ఆ కాగితం నా దగ్గరే వదిలి వెళ్లాడు. గుండుసూది పెట్టి సొరుగులో ఉంచాను. కుడివైపు ఇంకా ఖాళీయే.