రాకెట్‌లో 1553బి బస్‌ను నమ్మకంగా పనిచేసేలా అమర్చడం

రాకెట్ దిశను కొలిచే జడత్వ వ్యవస్థ, ఆన్‌బోర్డ్ కంప్యూటర్, నాజిళ్లను తిప్పే యాక్చువేటర్లు ఒకే తీగ మీద సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి అనేక రాకెట్లలో మిల్-స్టాండర్డ్-1553బి బస్‌ను వాడతారు. దీని వేగం సెకనుకు 1 మెగాబిట్ మాత్రమే అయినా, బస్ కంట్రోలర్ అడిగితే తప్ప ఏ టెర్మినలూ (బస్‌కు కలిపిన పరికరం) నోరు విప్పదు కనుక ఏ సందేశం ఎప్పుడు వెళ్తుందో ముందే లెక్కకట్టవచ్చు.

కాబట్టి ముందు కాలపట్టిక వేయండి. ఒక్కో వర్డ్‌కు (బస్ మీద ఒక్కసారిగా వెళ్లే 20 బిట్ల ముక్క) 20 మైక్రోసెకన్లు పడుతుంది. 32 డేటా వర్డ్‌ల సందేశానికి కమాండ్, స్టేటస్ వర్డ్‌లు కలిపి 680; టెర్మినల్ బదులిచ్చేలోపు 4 నుంచి 12, తర్వాతి సందేశానికి ముందు కనీసం 4 కలిపితే దాదాపు 700 మైక్రోసెకన్లు. ఆ లెక్కన 20 మిల్లీసెకన్ల ఫ్రేమ్‌లో (కాలపట్టిక ఒక చుట్టు తిరిగే వ్యవధి) 28 సందేశాలు పడతాయి గానీ, సగానికి మించి నింపవద్దని నా సలహా. ఒకటి పాడైనా పని ఆగకుండా ఈ బస్‌కు అదనంగా మరో తీగ కూడా వేస్తారు; జవాబు రానప్పుడు ఆ రెండో తీగ మీద మళ్లీ అడిగే వ్యవధి అదే ఫ్రేమ్‌లో మిగలాలి.

ఒక్కో తీగ రెండు చివరలా దాని ఇంపిడెన్స్‌కు (సిగ్నల్‌కు తీగ చూపే నిరోధం) సరిపడే టెర్మినేటర్లు, అంటే సిగ్నల్ వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్లు, తప్పనిసరి. ప్రధాన తీగ నుంచి ఒక్కో పరికరానికి వెళ్లే కొమ్మ తీగలను, అంటే స్టబ్‌లను, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే కలపండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉండే కప్లర్‌లోని ఐసొలేషన్ రెసిస్టర్ల వల్ల ఒక స్టబ్ షార్టయినా బస్ మొత్తం ఆగదు. ప్రధాన తీగను మాత్రం దశలు విడిపోయే కనెక్టర్ గుండా పోనివ్వకండి, దిగువ దశ ఊడిపోగానే తెగిన చివర నుంచి సిగ్నల్ వెనక్కి పరావర్తనం చెందుతుంది.

రెండు తీగలున్నాయి కదా అనే భరోసా ఎక్కడ చెల్లదో 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ ప్రయోగ కేంద్రంలో తేలింది. యూరప్ రాకెట్ ఏరియాన్ 5 తొలి ప్రయోగంలో 64 బిట్ల దశాంశ విలువ 16 బిట్ల పూర్ణాంకంలో పట్టక, మొదట స్టాండ్‌బై జడత్వ యూనిట్, వెంటనే అదే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న ప్రధాన యూనిట్ ఆగిపోయాయి. ప్రధాన యూనిట్ పంపిన లోప నిర్ధారణ డేటాను కంప్యూటర్ ప్రయాణ సమాచారంగా తీసుకుని నాజిళ్లను పూర్తిగా వంచేసింది. బస్ మాత్రం తనకిచ్చిన బిట్లను ఉన్నవున్నట్టే చేరవేసింది. అందుకే లోప నిర్ధారణ డేటాకు వేరే సబ్‌అడ్రస్ (టెర్మినల్‌లో ఒక్కో రకం డేటాకు ఉండే చిరునామా) కేటాయించండి. ప్రతి కొలతతో పాటు చెల్లుబాటు బిట్, ప్రతి ఫ్రేమ్‌కూ పెరిగే కౌంటర్ పంపించి, కౌంటర్ కదలకపోయినా, విలువ భౌతికంగా అసాధ్యమైనా కంప్యూటర్ ఏం చేయాలో ముందే రాసిపెట్టండి. రెండు యూనిట్లూ ఒకేసారి చెల్లకపోతే చివరి మంచి విలువతో ఎన్ని ఫ్రేమ్‌లు నెట్టుకురావచ్చో నియంత్రణ నిపుణులే తేల్చాలి, నెట్‌వర్క్ బృందం కాదు.

పరీక్షల్లో అసలు పరికరాలనే బస్‌కు కలిపి, పూర్తి రద్దీ ఉన్నప్పుడు ఒక తీగను పీకి చూడండి. ఆగకుండా ప్రసారం చేసే టెర్మినల్‌ను దాని 800 మైక్రోసెకన్ల టైమర్ ఆపుతుందో లేదో, రెండో తీగ మీద పంపిన షట్‌డౌన్ ఆదేశాన్ని అది పాటిస్తుందో లేదో విడిగా చూడాలి. చివరగా, పారిటీ (ప్రసారంలో బిట్ మారిందేమో చూసే తనిఖీ బిట్) సరిగ్గా ఉండి విలువ మాత్రం తప్పుగా ఉన్న సందేశాలను కావాలనే పంపి, యాక్చువేటర్ ఎటు కదులుతుందో రికార్డు చేయండి.