రోడ్డు ప్రమాద మరణం: పరిహారం దావా ఇలా వేయండి

ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద, వాహన ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌లో దావా వేయండి. మీరు నివసించే జిల్లాలోనైనా వేయొచ్చు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, వాహన బీమా నకలు జతచేయాలి.

చాలా కుటుంబాలు నష్టపోయేది ఆదాయం దగ్గరే. రుజువు లేకపోతే ట్రిబ్యునల్ తానే తక్కువగా అంచనా కడుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు, మేస్త్రీ లేదా యజమాని సాక్ష్యం, ఏదున్నా వదలకండి.

లెక్క చూడండి: 34 ఏళ్ల స్వయం ఉపాధి మనిషి, నెలకు రూ.15,000. భవిష్యత్తు పెరుగుదల 40% కలిపితే 21,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడితే మృతుడి సొంత ఖర్చు కింద నాలుగో వంతు పోయి 15,750. దాన్ని 12తో, మృతుడి వయసును బట్టి కోర్టులు వాడే గుణకం 16తో గుణిస్తే రూ.30,24,000. బీమా కంపెనీ రాజీకి పిలిస్తే ఈ లెక్క చూసుకోకుండా సంతకం పెట్టకండి.

ఢీకొట్టిన వాహనం ఆచూకీ దొరక్కపోతే దారి వేరు: హిట్ అండ్ రన్ పథకం కింద రూ.2 లక్షలు.