ఆర్‌ఓ నీళ్లు ఉప్పగా వస్తున్నాయా? మెంబ్రేన్ మార్చేముందు ఆ చిన్న స్క్రూ చూడండి

"అన్నా, మెంబ్రేన్ పోయినట్టుంది, కొత్తది వేస్తే ఎంతవుతుంది?" ఎండాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. "సింకు నల్లా నీళ్ల టీడీఎస్ ఎంతుందమ్మా?" అని అడుగుతాను. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె. అవతల చప్పుడుండదు. మిషన్ కుళాయి కింద మీటర్ పెట్టి 400 చూసి హడలిపోయి ఉంటారు. లోపలికి వెళ్లే నీళ్లెలా ఉన్నాయో మాత్రం ఎవరూ చూడరు. పదిసార్లు చెప్పినా పదకొండోసారి అదే కథ.

మెంబ్రేన్ అంటే మిషన్‌లో ఉప్పును వడగట్టే పొర. దానికి తెలిసిన పని ఒక్కటే. వచ్చిన ఉప్పులో నూటికి తొంభై పాళ్లు, బాగుంటే తొంభై ఐదు పాళ్లు ఆపుతుంది. 200 పంపితే 20 లోపు ఇస్తుంది, 1100 పంపితే 90, 100 ఇస్తుంది. రెండూ మంచి మెంబ్రేన్ లెక్కలే. మన అపార్ట్‌మెంట్లలో సంపు ఒకటే. చలికాలంలో అందులోకి కృష్ణానో, మంజీరానో, గోదావరో వస్తుంది. మున్సిపల్ నీళ్లు చాలకపోతే అదే సంపులోకి ట్యాంకర్ బోరు నీళ్లు పడతాయి. అంటే చెడింది మిషన్ కాదు, మారింది నీళ్లు. కాబట్టి కవర్ విప్పేముందు సింకు నల్లా నీళ్లు ఒక గ్లాసు, మిషన్ నీళ్లు ఒక గ్లాసు పట్టి రెండూ కొలవండి. రాత్రంతా ఆగి ఉన్న మిషన్‌లో మొదట వచ్చే నీళ్లు కొలవొద్దు. ఆగి ఉన్నప్పుడు ఉప్పు మెల్లగా ఇవతలికి చేరుతుంది కాబట్టి ఆ అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. పది నిమిషాలు నడిచాక కొలవండి.

నల్లాలో 1100, మిషన్‌లో 100 దగ్గర: మిషన్ బాగుంది. డబ్బులు జేబులో పెట్టుకోండి.

నల్లాలో 1100, మిషన్‌లో 400, 500: ఇక్కడే అందరూ మెంబ్రేన్ మీద పడతారు. నేనూ పడ్డాను.

ఒక ఇంట్లో ఏడాది తిరక్కుండా రెండు మెంబ్రేన్లు మార్చాను. మార్చిన వారానికి మళ్లీ అదే ఫోను. "ఏం బాబూ, మొన్ననే కదా రెండు వేలు తీసుకున్నావు" అని ఆ ఇంటి పెద్దాయన అంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడోసారి వెళ్లి, మెంబ్రేన్ నుంచి బయటికొచ్చే పైపు పీకి నేరుగా గ్లాసులోకి పట్టాను. 85! మిషన్ కుళాయిలో చూస్తే 480. మధ్యలో ఎక్కడో ఉప్పు కలుస్తోందన్నమాట. పైపు వెంట వేలు పెట్టుకుంటూ వెళితే దొరికింది: టీడీఎస్ అడ్జస్టర్. బొటనవేలంత ప్లాస్టిక్ వాల్వ్, దాని నెత్తిన ఒక స్క్రూ. దాన్ని సగం తెరిచిపెట్టింది ఎవరో కాదు, నేనే. మిషన్ బిగించిన రోజు "నీళ్లు చప్పగా ఉన్నాయి" అని ఇంటావిడ అంటే తిప్పాను. తర్వాత మర్చిపోయాను.

ఈ వాల్వ్ చేసే పని పేరంత గొప్పది కాదు. మెంబ్రేన్ గుండా పోకుండా, కార్బన్ ఫిల్టర్ దాటిన నీళ్లను పక్కదారిన తెచ్చి, శుద్ధి అయిన నీళ్లలో కలుపుతుంది. దీన్నే కొందరు "మినరల్స్ నిలబెడుతుంది" అని అమ్ముతారు. అవును, మినరల్స్ నిలబడతాయి. వాటితో పాటు మనం వద్దనుకున్నవీ నిలబడతాయి.

లెక్క చూడండి. బిగించిన రోజు నల్లాలో 180, మెంబ్రేన్ దగ్గర 15. రుచికి 80 ఉండాలని స్క్రూ తిప్పితే, మీ గ్లాసులో సుమారు నూటికి నలభై పాళ్లు పక్కదారి నీళ్లే. ఆ రోజుకి ఇబ్బందేం లేదు. ఏప్రిల్‌లో నల్లాలోకి 1100 వచ్చిందనుకోండి. స్క్రూ కదల్లేదు, ఆ నలభై పాళ్లూ అలాగే ఉన్నాయి. ఆ దారిలో వచ్చేదే 440, మెంబ్రేన్ నుంచి వచ్చేది ఇంకో 50. మొత్తం 490. ఇక మీరు ఎన్ని మెంబ్రేన్లు మార్చినా ఆ 440 అలాగే వస్తూ ఉంటుంది.

ఉప్పదనమైతే నాలుకకు తెలుస్తుంది. ఫ్లోరైడ్ తెలియదు. నల్లగొండ వైపు గానీ, ప్రకాశం జిల్లా వైపు గానీ బోరు నీళ్లు తాగే ఇళ్లల్లో ఈ స్క్రూ సగం తెరిచి ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో నలభై పాళ్లు నేరుగా కలిస్తే, ఆ దారినే 1.2 వచ్చేస్తుంది. తాగునీటి భారతీయ ప్రమాణంలో హద్దు 1, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5. ఫ్లోరైడ్ కోసమే ఆర్‌ఓ కొని, అదే ఫ్లోరైడ్‌ను పక్క పైపులోంచి తాగడమన్నమాట. టీడీఎస్ మీటర్ దీన్ని పట్టుకోలేదు. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందన్నదే, ఏ ఉప్పు ఉందో చెప్పదు. ఫ్లోరైడ్ సంగతి ల్యాబులోనే తేలుతుంది.

చూసే పద్ధతి ఇది. ముందు ప్లగ్ పీకండి, నల్లా కట్టండి. కవర్ తీస్తే మెంబ్రేన్ హౌసింగ్‌కి ఒక చివర రెండు పైపులుంటాయి, ఒకటి మంచి నీళ్లది, ఒకటి డ్రెయిన్‌ది. మంచి నీళ్ల పైపు బిగించిన చోట ప్లాస్టిక్ రింగును లోపలికి నొక్కిపట్టి పైపు లాగండి. ఊరికే లాగితే ఎల్బో (పైపు దూరే వంపు జాయింటు) విరుగుతుంది, నా దగ్గర విరిగినవి ఒక డబ్బాడు ఉన్నాయి. తడి చేయి ఆరబెట్టుకుని, నల్లా మళ్లీ తెరిచి మిషన్ ఆన్ చేయండి, పది నిమిషాలాగి అక్కడ కొలవండి. నల్లా అంకెలో పదోవంతు దగ్గర ఉంటే మెంబ్రేన్ బాగున్నట్టు, దోషం స్క్రూది. అక్కడే నాలుగోవంతు దాటితే మెంబ్రేన్ నిజంగానే పోయింది, మార్చండి.

స్క్రూను చాలా మిషన్లలో కుడికి తిప్పితే మూసుకుంటుంది. పూర్తిగా మూసి, ట్యాంకులో ఉన్న నీళ్లన్నీ వంపేసి, మళ్లీ నిండాక కొలవండి. చాలామంది తిప్పగానే కుళాయి కింద మీటర్ పెట్టి "ఏం తగ్గలేదన్నా" అంటారు. పాత నీళ్లు ట్యాంకులోనే ఉన్నాయి కదా, ఎలా తగ్గుతుంది? చప్పదనం నచ్చకపోతే మినరల్ కార్ట్రిడ్జ్ వేయించుకోండి. అది శుద్ధి అయిన నీళ్లకే కాస్త కాల్షియం, మెగ్నీషియం కలుపుతుంది, బోరు నీళ్లను కలపదు.

ట్యాంకు నిండడానికి పూట పడుతోంది: బయట వేలాడే ప్రీఫిల్టర్ బౌల్ విప్పి చూడండి. తెల్లటి క్యాండిల్ చాక్లెట్ రంగులోకి మారి ఉంటుంది. పదిలో ఎనిమిదిసార్లు ఇదే. అది బాగుంటే డ్రెయిన్ పైపు చూడండి. చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఆ పైపులో నీళ్ల వేగాన్ని అదుపు చేసే ఫ్లో రిస్ట్రిక్టర్ మూసుకుపోయింది. దాన్ని అలాగే వదిలేస్తే మెంబ్రేన్‌కి సున్నం పట్టి చస్తుంది.

మోటార్ ఆగినా డ్రెయిన్ ఆగట్లేదు: మోటార్ ఆగగానే నీళ్లను ఆపాల్సిన సోలెనాయిడ్ వాల్వ్‌లో మట్టి ఇరుక్కుంది. మార్చేయండి.

వాసన: కార్బన్ అయిపోయింది, లేదా ట్యాంకు కడిగి ఏళ్లయింది. క్లోరిన్ వాసనైతే ఆలస్యం చేయొద్దు, క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది.

అడాప్టర్ కాలడం, మెంబ్రేన్ రింగు తెగడం, ఫ్లోట్ ఇరుక్కోవడం లాంటివి ఎప్పుడో ఒకసారి. పైవన్నీ చూశాక గానీ వాటి జోలికి పోకండి.

కొత్తగా కొనేవాళ్లు కూడా మొదట చేయాల్సింది నల్లా కింద మీటర్ పెట్టడమే, అదీ వానాకాలంలో ఒకసారి, మేలో ఒకసారి. రెండుసార్లూ 500 లోపే ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ బెడద లేని మున్సిపల్ నీళ్లయితే యూవీ (క్రిములను చంపే కాంతి), యూఎఫ్ (ఉప్పును ఆపని సన్న వడపోత) ఉన్న మిషన్ చాలు. అంత తక్కువ ఉప్పున్న చోట ఆర్‌ఓను నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. ఆర్‌ఓ పెడితే ప్రతి లీటరుకు రెండు మూడు లీటర్లు మోరీ పాలవుతాయి మరి. ఇంటికొచ్చిన సేల్స్ కుర్రాడు గ్లాసులో రెండు ఇనుప కడ్డీలు పెట్టి కరెంటిచ్చి, నీళ్లు గోధుమరంగు తిరిగాయని భయపెడితే నవ్వి పంపేయండి. ఆ రంగు కడ్డీల తుప్పు. ఉప్పున్న ఏ నీళ్లలోనైనా వస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు లేక కరెంటు సరిగా పారదు, అందుకే అవి తేటగా ఉంటాయి. అతన్ని అడగాల్సింది వేరే ఉంది: ఈ మిషన్‌లో అడ్జస్టర్ ఉందా, ఉంటే ఎక్కడుంది, బిగించి వెళ్లేటప్పుడు మూసి వెళతారా?